ఇరవై ఇద్దరి పూచీ

ఆయన పోయారని నాకు పాల బూత్ దగ్గర తెలిసింది. వరసలో నా ముందున్న పాత సహోద్యోగి వెనక్కి తిరిగి, "మన వియత్నాం వంటాయన పోయారటండీ, పది రోజులైందట" అన్నాడు. గుండె అట, నిద్రలోనే అట. మా ఇబ్రహీంపట్నం నుంచి ఆయన ఉండే కొండపల్లికి ఆటోలో పావుగంట. ఆ కబురు నాదాకా రావడానికి పది రోజులు పట్టింది.

ఆయన జీవితచరిత్ర నాకు తెలియదు. కొండపల్లిలో ఉంటారనీ, పెళ్లిళ్లకి వండుతారనీ, వయసులో ఉన్నప్పుడు బందరులో ఒక మిఠాయి దుకాణంలో పనిచేశారనీ మాత్రం విన్నాను. నేను ఎరిగినదల్లా మూడేళ్ల కిందటి కార్తీకంలో తొమ్మిది రోజులు.

మా వైపు వాళ్లు గుంపుగా విదేశం వెళ్తే వంటాయన్ని కూడా వెంట తీసుకెళ్తారు. కొత్త దేశం చూడాలి, కానీ వేళకి పప్పూ చారూ పడాలి. థర్మల్ స్టేషన్లో రిటైరైన వాళ్లం, ఇరుగుపొరుగు వాళ్లం కలిపి ఇరవై ఇద్దరం వియత్నాం బయలుదేరినప్పుడు ఇరవై మూడో టికెట్టు ఆయనది. పుట్టినప్పటి నుంచీ నీచు ముట్టని మనిషి. అందుకే ఆయన్ని ఎంచుకున్నారు. మాలో సగం మంది మామూలు రోజుల్లో చేపల పులుసు వదలరు గానీ కార్తీకంలో మాత్రం గుడ్డు కూడా తినరు.

ఆయన వండేటప్పుడు రుచి చూసేవారు కాదు. మూత తీసి, పైకొచ్చే ఆవిరిని అరచేత్తో ముక్కు వైపు విసురుకుని, "ఉప్పు ఇంకో చిటికెడు" అనుకునేవారు తనలో తనే. రెండో రోజు నేను ఉండబట్టలేక అడిగాను.

"నాలిక మీద వేసుకోకుండా ఎలా తెలుస్తుందండీ?"

"తినేవాళ్ల కన్నా ముందు నేను తింటే అది ఎంగిలి కాదూ? మా నాన్న అలాగే నేర్పాడు."

"ఎప్పుడైనా తప్పిందా?"

"తప్పితే మీరు చెబుతారుగా లైబ్రరీగారూ, ఊరుకుంటారా?"

నన్ను లైబ్రరీగారు అని మొదట పిలిచింది ఆయనే. నా చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలో, డ్యూటీ దిగాక, ఇనప కుర్చీలో కూర్చుని సంపాదించుకున్నది. యాత్రల బీరువా దాదాపు పూర్తి చేశాను. ప్రయాణానికి ముందు ఆ దేశం మీద దొరికిన ఒకే ఒక్క లావుపాటి పుస్తకం తెచ్చుకుని నోట్సు కూడా రాసుకున్నాను. ఏ ఊళ్లో బస్సు దిగినా చెప్పకుండా ఉండలేకపోయేవాణ్ణి.

ఆయనకి పుస్తకాలు పట్టవు. కానీ సంతకి తీసుకెళ్తే చూడాలి. ఒక కట్ట ఎత్తి కాడ విరిచి, "ఇది మన కాలవల్లో తూటికూర కాదూ! గేదెలు తింటాయి. ఇక్కడ మనుషులు తింటున్నారు, వాళ్లే తెలివైనవాళ్లు" అన్నారు. ఆ రోజే దాన్ని కందిపప్పులో వేసి వండారు. గులాబీరంగు డ్రాగన్ ఫ్రూట్ చూసి "బొమ్మజెముడు కాయలా ఉందే" అన్నారు. అది నిజంగా ఆ జాతిదేనని నేను చెబితే, "పుస్తకంలో కూడా అలాగే రాశారా? అయితే పుస్తకం మంచిదే" అని మెచ్చుకున్నారు.

వడ్డించాక మా వెనక నిలబడేవారు. ఎలా ఉందని అడగరు. మా ముఖాల వైపు చూడరు. కంచాలే చూస్తారు. "బాగుందండీ అని నోరు ఊరికే అనేస్తుంది, కంచంలో ఏం మిగిలిందో అదీ మాట" అనేవారు. అందరూ లేచాక ఒక మూల కూర్చుని, పొద్దున్నుంచి మొదటిసారి తాను తినేవారు. తినేముందు ఇంటికి ఫోన్ చేయాలి. రోజూ ఒకటే ప్రశ్న: "ఏం వండావు?" అవతల నుంచి భార్య గొంతు మాకందరికీ వినపడేది. "ఒక్కదానికి ఏం వండను? పచ్చడేసుకున్నా." "కూర చేసుకోవచ్చుగా." "మీరొచ్చి చెయ్యండి." ఫోన్ పెట్టేసి అన్నం కలుపుకునేవారు.

మూడో రోజున హనోయ్‌లో ఒక పొరపాటు జరిగింది. రైలుకి టైమైపోతోందని దారిలో తిన్న నూడుల్స్ శాకాహారమేనని గైడ్ గట్టిగా చెప్పాడు. సగం తిన్నాక పైన చల్లింది ఎండు రొయ్యల పొడి అని తేలింది. మాతో వచ్చిన రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ గారు ఆ పూటకీ మర్నాటికీ మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు. అప్పటి నుంచి గైడ్ మాటకి విలువ పోయింది. వంటాయన చేత్తో పెట్టిందే భోజనం.

ఆరో రోజున హ్వే అనే పాత రాజధాని ఊళ్లో హోటల్ వాళ్లు తమ వంటగదిలోకి రానివ్వలేదు. అప్పుడు గైడ్ ఒక వీగన్ హోటల్ మాట్లాడాడు. మాంసం, చేప, గుడ్డు సరే, పాలూ పెరుగూ కూడా వాడరట. వెల్లుల్లి కూడా వేయరట. హెడ్మిస్ట్రెస్ గారు "వెల్లుల్లి కూడానా?" అని కాస్త మెత్తబడ్డారు.

హోటల్ అంటే ఒక ఇంటి ముందు వరండా, ఎనిమిది బల్లలు. నడిపేది అరవై దాటిన ఒకావిడ. కత్తిరించిన నెరిసిన జుట్టు, గోధుమరంగు చొక్కా. మేం గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుంటే వాటిని తీసి వరసగా పెట్టడం మొదలుపెట్టింది. మా ఆడవాళ్లు కంగారుపడి "అయ్యో, వద్దమ్మా" అంటే నవ్వింది గానీ మానలేదు. మా ఊరి పక్కనే అమరావతి ఉందని, రెండు వేల ఏళ్లనాటి బౌద్ధ స్తూపం ఉన్న చోటని నేను గైడ్ చేత చెప్పించాను. ఆవిడ నిలబడ్డ చోటనే రెండు చేతులూ జోడించి తల వంచింది. బుద్ధుడి దేశం నుంచి అతిథులు వస్తున్నారని తెల్లవారక ముందు నుంచీ వండుతోందని గైడ్ చెప్పాడు. పన్నెండు రకాలు.

తామరగింజల పులుసు, అరటిపువ్వు ముక్కలు, పనసకాయ కూర వచ్చాయి. ఆవిడే ప్రతి కంచం దగ్గరికీ వచ్చి, చొక్కా చేతిని రెండో చేత్తో పట్టుకుని వడ్డించింది. అందరూ తింటున్నారు. వంటాయన అలవాటు ప్రకారం మా వెనక నిలబడి కంచాలు చూస్తున్నారు.

అప్పుడు పెద్ద పళ్లెంలో చేప వచ్చింది.

తల, తోక, పొలుసులు అన్నీ ఉన్నాయి. దాని పక్కన చిన్న గిన్నెలో గోధుమరంగు నీళ్లు. అందరి చేతులూ కంచాల్లోనే ఆగిపోయాయి. గైడ్ రెండు చేతులూ ఊపుతూ, "చేప కాదు, చేప కాదు, గోధుమ!" అన్నాడు. అతని మాట మేం ఇదివరకే విని ఉన్నాం.

ఈసారి మాట్లాడింది నేను. గిన్నె వైపు చూపించి, "అది చేపల నీళ్లండీ. చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరేసి తీస్తారు. ఈ దేశంలో కూరల్లో అదే పోస్తారు, నేను చదివాను" అన్నాను.

హెడ్మిస్ట్రెస్ గారు చెంచా కింద పెట్టారు. "మరి ఇందాకటి పులుసులో?"

"అన్నిట్లోనూ అనే రాశారండీ."

కుర్చీలు వెనక్కి జరిగాయి. ఒకరిని చూసి ఒకరు లేచారు. మా గుంపులో గుణదల నుంచి వచ్చిన స్టోర్స్ ఆఫీసరు, ఆయన భార్య మాత్రం లేవలేదు. వాళ్లు క్రైస్తవులు, కార్తీకంతో పని లేదు. ఆయన పళ్లెం తన వైపు లాక్కుని, "చేపైతే మాకివ్వండి బాబూ, ఆరు రోజులైంది చేప మొహం చూసి" అన్నాడు. ఒక ముక్క నోట్లో వేసుకుని నిరుత్సాహపడ్డాడు. "చేప కాదండీ ఇది, నిజంగా కాదు."

"నీకు అన్నీ సరదాయే" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

హోటలావిడ గరిటె పట్టుకుని బల్ల పక్కన అలాగే నిలబడింది. మా మాట ఒక్కటీ అర్థం కాకపోయినా వడ్డించిన కంచాల ముందు నుంచి జనం లేచిపోవడం ఏ భాషలోనైనా ఒకటే. మా వైపు పెళ్లిళ్లలో అలా ఒక పంక్తి లేస్తే ఆ ఇంటివాళ్లు ఏళ్ల తరబడి తలెత్తుకోలేరు.

వంటాయన ముందుకొచ్చి ఆవిడకి వంటగది వైపు చెయ్యి చూపించారు. ఆవిడ దారి ఇచ్చింది. నేనూ వెనకే వెళ్లాను. లోపల ఒక బేసిన్లో నీళ్లలో పిండిముద్ద ఉంది, సాయంత్రం గిరాకీ కోసం కాబోలు. ఆవిడ దాన్ని పిసికి చూపించింది. తెల్లటి పాలు దిగాయి. వాటిని పక్కనున్న బకెట్లో పారబోసి, మిగిలిన రబ్బరులాంటి ముద్దని చేత్తో సాగదీసి చూపించింది.

ఆయన పకపకా నవ్వారు. ఆ తొమ్మిది రోజుల్లో ఆయన అలా నవ్వగా ఆ ఒక్కసారే చూశాను.

"ఇది హల్వా పిండేనండీ! బందరులో రోజూ ఇదే పని. గోధుమపిండి ఇలాగే పిసికి ఆ పాలు ఉంచుకుంటాం, ఈ పిప్పి పారేస్తాం. ఈవిడ పిప్పి ఉంచుకుని పాలు పారబోస్తోంది!"

ఆ ముద్దకి చెంచా అంచుతో పొలుసులు ఎలా నొక్కుతుందో, సముద్రపు నాచు రేకుని చర్మంలా ఎలా అంటిస్తుందో ఆవిడ చేసి చూపించింది. ఆయన ప్రతిదానికీ తలూపారు. తర్వాత అల్మారాలో ఉన్న సీసా తీశారు. గోధుమరంగు నీళ్లు. చీటీ వాళ్ల లిపిలో ఉంది. మూత తీసి, అరచేత్తో వాసన విసురుకున్నారు. ఒకసారి కాదు, రెండుసార్లు. మూత పెట్టి, సీసా ఉన్నచోటే ఉంచారు.

బయటికొచ్చి, హెడ్మిస్ట్రెస్ గారు ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్నారు. మేమంతా నిలబడే ఉన్నాం. హోటలావిడ వచ్చి వడ్డించింది. ఆయన ముక్క తుంచి, ఆ చిన్న గిన్నెలో ముంచి, నోట్లో పెట్టుకున్నారు. ఆరు రోజులుగా మేమెవరం ఆయన ముందుగా తినగా చూడలేదు. నిదానంగా, మొత్తం తిన్నారు. తర్వాత కంచం కాస్త ముందుకు జరిపి, ఆవిడతో తెలుగులోనే, "ఇంకొంచెం పెట్టమ్మా" అన్నారు. ఆవిడకి అర్థమైంది.

హెడ్మిస్ట్రెస్ గారు కదల్లేదు. "మాస్టారూ, కార్తీకం. ఇందులో ఏదన్నా ఉంటే ఆ పాపం ఎవరిది?"

"నాదేనండీ."

"ఇరవై ఇద్దరిది."

"ఇరవై ఇద్దరిదీ నా పూచీ. కూర్చోండమ్మా, చల్లారిపోతోంది."

"మా ఇద్దరినీ తీసేసి ఇరవై అనుకోండి మాస్టారూ, మీకు కొంచెం తేలిక" అన్నాడు స్టోర్స్ ఆఫీసరు. ఎవరో నవ్వారు. ముందు ఇద్దరు కూర్చున్నారు, తర్వాత మిగతావాళ్లు. హెడ్మిస్ట్రెస్ గారు చివర్న, ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నిజం చెప్పాలంటే ఆ చేప చాలా బాగుంది. ఆవిడ రెండోసారి కూడా వేయించుకున్నారు.

భోజనాలయ్యాక ఆయన ఊరుకోలేదు. పొద్దుటి పిండిపాల బకెట్టు అడుగున చిక్కటి పిండి పేరుకుని ఉంది. దాన్ని చూపించి పొయ్యి అడిగారు. బస్సులోంచి తన నెయ్యి డబ్బా తెప్పించారు. ఆవిడ మూత తీసి వాసన చూసి, మూత పెట్టి, రెండు చేతులతో మర్యాదగా వెనక్కి ఇచ్చింది. పాలతో చేసింది ఈ వంటగదిలోకి రాదని గైడ్ చెప్పాడు.

"నెయ్యి లేకుండా హల్వానా!" అని ఆయన కాసేపు డబ్బా పట్టుకుని నిలబడ్డారు. తర్వాత దాన్ని తీసుకెళ్లి బయట చెప్పుల పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, కొబ్బరినూనెతో మొదలుపెట్టారు. బస్సు గంట ఆలస్యమైంది. ఆ హల్వా బందరు హల్వాలా లేదు, రంగు పాలిపోయి ఉంది. ఆవిడ తిని చాలాసేపు మాట్లాడింది. ఇన్నేళ్లూ దీన్ని మురిక్కాలవలో పోశానే అంటోందని గైడ్ చెప్పాడు.

"మేం ఆవిడ చేపని ఇన్నేళ్లూ గేదెల కుడితిలో కలిపామని చెప్పండి" అన్నారు ఆయన.

బస్సులో ఆయన పక్కన కూర్చుని తొందరపడ్డానని ఒప్పుకున్నాను. "మీరు చదివింది మీరు చెప్పారు" అన్నారు. అంతే. ఆ మాటలో విసుగు లేదు.

ఇంటికొచ్చిన వారంలోనే గ్రంథాలయానికి వెళ్లి ఆ పుస్తకం మళ్లీ తీశాను. నేను నోట్సు రాసుకున్న పేజీకి రెండు పేజీల తర్వాత, ఫొటోల మధ్యన, ఒక పేరా ఉంది. బౌద్ధ పద్ధతి శాకాహార హోటళ్లలో చేపల నీళ్లు వాడరు, సోయా గింజల నుంచి తీసిన ఉప్పునీళ్లు పోస్తారు అని. ఫొటోలు చూస్తూ ఆ పేజీలు తిప్పేశాను కాబట్టి అది నా కంటపడలేదు. ఆయనకి ఫోన్ చేద్దామనుకున్నాను. వాసన చూసి అన్నీ తేల్చగలిగిన మనిషికి నేను చెప్పేదేముంది అనిపించి ఊరుకున్నాను. నా తప్పు నేనే మళ్లీ తవ్వుకోవడం కూడా ఇష్టం లేకపోయింది.

ఆ తర్వాతి ఏడు కొండపల్లి బస్సులో ఒకసారి కలిశారు. చేతిలో కరివేపాకు కట్ట ఉంది. నన్ను చూసి పక్కన చోటిచ్చారు.

"ఏం చదువుతున్నారు ఇప్పుడు?"

చెప్పాను. కాసేపు కిటికీలోంచి చూశారు.

"ఆ దేశం పుస్తకం ఇంకా ఉందాండీ లైబ్రరీలో?"

"ఉందండీ. కావాలా?"

"నాకెందుకు. ఉండనివ్వండి."

మళ్లీ విదేశం వెళ్లారా అని అడిగితే, మోకాళ్లు సహకరించడం లేదన్నారు. తన స్టాపులో చకచకా దిగి వెళ్లిపోయారు.

పదమూడో రోజున కొండపల్లి వెళ్లాను. చిన్న డాబా ఇల్లు, ముందు షామియానా. నేను ఫోనులో గొంతు మాత్రమే విన్న ఆయన భార్య లోపలి గదిలో చాప మీద కూర్చుని ఉంది. వియత్నాం వెళ్లిన వాళ్లలో ఒకణ్ణని చెప్పుకున్నాను.

"పుస్తకాలు చదివేది మీరేనాండీ?" అంది.

అవునన్నాను.

"మీరు వస్తే ఒకటి అడగాలనుకున్నాను. ఆ సీసాలో ఏముందండీ?"

ఏ సీసా అని నేను అడగలేదు.

"వాసన చూశారు కదమ్మా ఆయన" అన్నాను.

"చూశారు. జన్మలో చేప వాసన దగ్గరగా చూసిన మనిషైతే కదా తెలియడానికి. పిండి సంగతి తెలిసిందట, నీళ్ల సంగతి తెలియలేదట. తెలియకుండానే కూర్చుని తిన్నానన్నారు. ఆవిడ అలా గరిటె పట్టుకుని నిలబడితే చూడలేకపోయానన్నారు."

లోపల గిన్నెల చప్పుడు అవుతోంది. ఆవిడ నిదానంగానే చెప్పింది. తిరిగొచ్చిన మర్నాడే ఫెర్రీ రేవు దగ్గర కృష్ణలో స్నానం చేసి వచ్చారట. ఆ ఏడు శ్రీరామనవమికి తమ వీధి రామాలయంలో వంట తన చేత్తో చేయనన్నారట. ముప్పై ఏళ్లుగా చేసిన వంట. మోకాళ్లని అందరికీ చెప్పారట. పెళ్లిళ్లకి వెళ్లారు గానీ దేవుడి పొయ్యి దగ్గరికి మళ్లీ వెళ్లలేదట, మూడేళ్లూ.

"ఇరవై ఇద్దరి పూచీ నెత్తినేసుకున్నాను, తేలేదాకా దేవుడికి వండలేనన్నారు. మరి తేల్చుకోండి, ఆ చదివినాయన్ని అడగండి అన్నాను. అడిగితే ఆవిణ్ణి అనుమానించినట్టు కాదూ అన్నారు."

"సోయా గింజల నీళ్లమ్మా. అందులో చేప లేదు. ఆ హోటళ్లలో అసలు వాడరు."

"నిజంగానా? ఊరికే నా కోసం అనడం లేదు కదా?"

"పుస్తకంలో ఉందమ్మా. నేనే చదివాను."

ఆవిడ చెంగుతో ముఖం తుడుచుకుంది. పక్కనున్న చెల్లెలి వైపు తిరిగి, "విన్నావా, లేదట" అంది. మళ్లీ నా వైపు తిరిగింది.

"ఎప్పుడు చదివారండీ?"

"వచ్చిన వారంలోనే."

నేను తల దించుకున్నాను. ఆవిడ ఏమైనా అంటుందని ఎదురుచూశాను. చాప మీద చెయ్యి ఆనించి లేచి, గుమ్మం దాకా వెళ్లి, వడ్డిస్తున్న వాళ్లతో అంది:

"ఈయన పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేరు. విస్తరి వెయ్యండి."